పులికాట్ దీవుల్లో

తిరుపతిలో ఉండేవాళ్లం తీరిక దొరికితే కొండలవైపే వెళ్తాం. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట, తడ మన జిల్లాలో కలిశాయి. వాటితోపాటు పులికాట్ సరస్సూ, అందులోని దీవులూ మనవయ్యాయి. మన దేశంలో చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. జనవరిలో బావతో కలిసి బయల్దేరాను.

సూళ్లూరుపేటలో చెంగాళమ్మకు దండం పెట్టుకుని శ్రీహరికోట రోడ్డెక్కాం. రెండు పక్కలా నీళ్లే. అటకానితిప్ప దగ్గర బండి ఆపితే, కాస్త దూరంలో ఫ్లెమింగోల గుంపు. బైనాక్యులర్స్‌లో ఒకదాన్నే చాలాసేపు చూశాను. కాళ్లతో బురదను తొక్కుతూ, తల తలకిందులుగా ముంచి, వంకర ముక్కుతో నీళ్లు జల్లెడ పడుతోంది. ఆ గులాబీ రంగు పుట్టుకతో వచ్చేది కాదు, తినే నాచు, చిన్న చిన్న రొయ్యల వల్ల వస్తుంది. గుంపులో బూడిద రంగువి ఇంకా పిల్లలు. అంత పొడుగు కాళ్ల పక్షి అంత ఓపిగ్గా మేయడం చూస్తుంటే కదలబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం భీమునివారిపాలెంలో ఇరకం దీవికి పడవెక్కాం. మాతోపాటు బియ్యం మూటలు, గ్యాస్ సిలిండరు, అత్తారింటికి వెళ్తున్న కొత్త జంట. దీవిలో ఏది కావాలన్నా పడవ మీద రావాల్సిందే. "చూసేదానికి సముద్రం మాదిరుంటాది గానీ, చానా చోట్ల నడుము లోతే నాయనా" అన్నాడు పడవ నడిపే పెద్దాయన, గెడ నేలకు ఆనించి నెడుతూ.

ఇరకంలో మాటల్లో తెలుగూ తమిళమూ కలిసిపోతాయి. ఇళ్ల ముందు వలలు ఆరేసున్నాయి. పీతలు శుభ్రం చేస్తున్న ఒకావిడ అన్నం తిని పొమ్మని మరీ మరీ అడిగింది. తిన్నాం. అంత తాజా పీతల పులుసు మన హోటళ్లలో దొరకదు.

తిరుగు పడవలో పెద్దాయన వేట సంగతులు చెప్పాడు. సముద్రం నీళ్లు లోపలికొచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయి. అవి మూసుకుపోతే చేప, రొయ్య పిల్లలు సరస్సులోకి రావు. ఎండాకాలం ఉత్తరం వైపు చాలా భాగం ఎండి, బురద నేల బయటపడుతుంది. పూడిక తీయించమని జాలర్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఆయన కొడుకులిద్దరూ వేట వదిలి తడ పక్కన కంపెనీల్లో చేరారట. వాళ్ల పడవను మాత్రం ఆయన అమ్మనివ్వలేదు.