మేకు దిగిన పత్రం

మా పర్లాకిమిడిలో, ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల వారపు శనివారం నాడు మందిరంలో ఏ కార్యక్రమమూ ఉండదు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన శుక్రవారం మధ్యాహ్నంతో ముగుస్తుంది. ఆదివారం తెల్లవారుజామున పునరుత్థాన ఆరాధన. మధ్యలో మిగిలిన ఆ ఒక్క రోజు మేం సమాధుల తోటకి వెళ్తాం. పిచ్చిమొక్కలు పీకి, సున్నం వేసి, పేర్ల మీద నల్లరంగు మళ్లీ దిద్దుతాం. కొన్ని పేర్లు తెలుగులో ఉంటాయి, కొన్ని ఒడియాలో. ఒకే ఇంట్లో తాత పేరు తెలుగులో, మనవడి పేరు ఒడియాలో కనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులో కలిసినప్పుడు గిడుగు రామమూర్తి పంతులు గారు రాజమండ్రి వెళ్లిపోయారు. మావాళ్లు ఇక్కడే ఉండిపోయారు, వెళ్లడానికి వేరే చోటు లేక.

ఆ తోటలో మా తాతా పెద్దతాతా పక్కపక్కనే ఉన్నారు. ముందుగా పెద్దతాత సమాధికి సున్నం వేయాలి, తర్వాతే తాతకి. మా నాన్న పెట్టిన వరస ఇది. దాని వెనక ఒక కథ ఉంది. ఏటా ఆ సున్నం బకెట్టు ముందు కూర్చుని నాన్న చెప్పేవారు. ఇప్పుడు నేను చెబుతున్నాను.

1930ల చివర్లో మా తాత ఎద్దు చచ్చిపోయింది. ఇంకో ఎద్దు కొనడానికి షావుకారు దగ్గర ప్రోనోటు మీద అప్పు తీసుకున్నాడు. సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. ఆ ఏడు పంట పోయింది, మరుసటేడూ పోయింది. వడ్డీ కింద మడిచెక్క తాకట్టులోకి పోయింది. అదీ చాలక తనే షావుకారు ఇంట్లో కంబారిగా, అంటే పాలేరుగా కుదిరాడు. ఆ కొట్లో దూలానికి వంకీ తిరిగిన ఇనుప తీగ ఒకటి వేలాడుతూ ఉండేదట. ప్రోనోట్లన్నీ దానికి గుచ్చి ఉండేవి. రోజూ పొద్దున్నే తాత కొట్టు ఊడుస్తుంటే తన కాగితం తన తల మీదే ఊగుతూ ఉండేది. షావుకారు ఏనాడూ చెయ్యి ఎత్తలేదట, నోరూ పారేసుకోలేదట. తాత ఎప్పుడైనా ఎదురు మాట అనబోతే తలెత్తి ఆ తీగ వైపు చూసేవాడు, అంతే. తాత నోరు పడిపోయేది.

పెద్దతాత అప్పటికి రంగంలో బియ్యం మిల్లులో కూలి. రంగూనుని మావైపు రంగం అనే అంటారు. అన్నదమ్ములకి మాటల్లేవు. పంపకాల్లో తగాదా వచ్చి, అన్న మీద తాత ఊరంతా లేనిపోనివి చెప్పాడు. ఈ సంగతి నాన్న ఎప్పుడూ దాచలేదు. అన్న గోపాల్‌పూర్ రేవులో ఓడ దిగి ఇంటికొచ్చాడు. తమ్ముడి సంగతి ఎవరో చెప్పారు. మర్నాడు పొద్దున్నే నడుముకి కట్టుకున్న సొమ్ముతో తిన్నగా కొట్టుకి వెళ్లాడు. లెక్క చూసి, అసలూ వడ్డీ అణాపైసలతో కట్టి, తీగ మీంచి కాగితం లాగి, వేలిముద్ర ఉన్నచోట రెండుగా చింపాడు. అది ఇల్లు కట్టుకుందామని కూడబెట్టుకున్న సొమ్ము. మళ్లీ రంగం వెళ్లి సంపాదించుకొనే లోపే అక్కడ యుద్ధం వచ్చింది. పెద్దతాత తాటాకింట్లోనే కన్నుమూశాడు.

ఈ కథ వింటూ పెరిగినవాడికి, బైబిల్లో అపొస్తలుడైన పౌలు రాసిన కొలస్సయుల పత్రిక రెండో అధ్యాయం, పద్నాలుగో వచనం కొత్తగా అర్థం చెప్పాల్సిన పని లేదు. మన మీద ఋణంగా, మనకు విరోధంగా ఉన్న పత్రాన్ని దేవుడు "మేకులతో సిలువకు కొట్టి, దానిమీది చేవ్రాతను తుడిచివేసి" అడ్డం లేకుండా ఎత్తివేశాడని అక్కడుంది. తెలుగు బైబిల్లో ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు ఆ ఇనుప తీగే కళ్లకు కడుతుంది. చేవ్రాత అంటే నా మట్టుకు మా తాత బొటనవేలే.

ఆ వెంటనే పదిహేనో వచనం వస్తుంది. ప్రధానులను, అధికారులను నిరాయుధులను చేసి, సిలువచేత జయోత్సవంతో వాళ్లని బాహాటంగా వేడుకకు కనుపరిచాడని. రోములో జయోత్సవం అంటే ఏమిటో పౌలుకి బాగా తెలుసు. గెలిచిన సేనాపతి రథమెక్కి నగరంలో ఊరేగుతాడు, ఓడిన రాజులు సంకెళ్లతో నడుస్తారు. ఆ రోము చేతిలో ఖైదీగా ఉంటూ, ఆ రోము కొయ్యకి కొట్టి చంపిన ఒక మనిషిదే ఆ ఊరేగింపు అని రాశాడు.

చాలాకాలం ఈ రెండు వచనాల్నీ నేను విడివిడిగా చదివాను. ఒకటి పాపక్షమాపణ గురించి, రెండోది సాతాను మీద గెలుపు గురించి అనుకొనేవాణ్ణి. మధ్యలో ఉన్న 'నిరాయుధులు' అన్న మాట మీద ఒక శనివారం సమాధుల దగ్గరే నా మనసు ఆగింది. వాళ్ల ఆయుధం ఏమిటి? షావుకారు ఆయుధం ఏమిటి? ఆ కాగితమే. అది చిరిగిన క్షణంలో షావుకారుకి దెబ్బ తగల్లేదు, అతని కొట్టూ కూలలేదు. తాత వైపు చూసి తీగ వైపు తలెత్తడానికి మాత్రం అక్కడ ఇక ఏమీ లేదు. ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలో అపవాదికి, అంటే సాతానుకి, పెట్టిన పేరు "నేరము మోపువాడు" అని. వాడి బలమంతా మన మీద ఉన్న నిజమైన లెక్కలోనే ఉంది. ఆ లెక్క అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. నిజం కాబట్టే ఎవరో ఒకరు కట్టాలి. కడితే వాడి చేతిలో ఇంకేమీ మిగలదు. చెడు ఓడింది అలా.

మా యువజనుల కూటంలో ఒక అమ్మాయి అడిగింది: "దేవుడు ఊరికే క్షమించెయ్యొచ్చు కదా, సిలువ ఎందుకు?" మంచి ప్రశ్న. నేను తాటాకిల్లు గురించి చెప్పాను. అప్పు మాఫీ అయిందన్నామంటే దాని బరువు ఇంకెవరి మీదో పడిందన్నమాటే. పడ్డచోటు మనకి కనిపించక ఊరికే పోయిందనుకుంటాం. దేవుణ్ణి షావుకారు స్థానంలో కూర్చోబెట్టే ప్రసంగాలు విన్నాను, నాకు ఒప్పవు. తండ్రి వడ్డీ పిండుకుంటుంటే కొడుకు వచ్చి అడ్డం పడ్డాడని సువార్త ఎక్కడా చెప్పదు. "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అన్నదగ్గరే అది మొదలవుతుంది. ఆయన ఈ కథలో అన్న వైపే ఉన్నాడు. నడుముకున్న మూట విప్పింది ఆయనే.

లేవీయకాండం ఇరవై ఐదో అధ్యాయం చూడండి. బీదవాడై భూమి అమ్ముకున్నవాడి పొలాన్ని సమీప బంధువు విడిపించాలి. తన్ను తానే అమ్ముకుంటే అతన్నీ విడిపించాలి. భర్త పోయిన రూతు విషయంలో బంధువు బోయజు చేసింది ఇదే. అన్నీ పోగొట్టుకున్న యోబు బూడిదలో కూర్చుని "నా విమోచకుడు సజీవుడు" అన్నప్పుడు తలచుకున్నదీ అలాంటి రక్తబంధువునే. మా ఒడియా సంఘంలో విమోచకుణ్ణి ముక్తిదాత అంటారు, తాకట్టుని బంధక అంటారు. పౌలు కొలస్సయులకు రాసిన పత్రిక చివర్లో "నా బంధకములను జ్ఞాపకము చేసికొనుడి" అన్నాడు. పత్రం చిరిగిందని రాసిన చేతికి ఇంకా సంకెల ఉంది. ఆ మాట దగ్గర ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఒడిశాలో ఉంటూ ఈ మాటలు రాసేవాడు 1999 జనవరిని తలవకుండా ఉండలేడు. 22వ తేదీ రాత్రి కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నీ ఆరేళ్ల తిమోతినీ సజీవదహనం చేశారు. బారిపదలో మూడు దశాబ్దాలకు పైగా కుష్ఠురోగుల గాయాలు కడిగిన మనిషి ఆయన. భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్లని క్షమించానన్నారు. అని వెళ్లిపోలేదు, కూతురితో అక్కడే ఉండి ఆ రోగుల ఆశ్రమం నడిపారు. 2005లో దేశం ఆవిడకి పద్మశ్రీ ఇచ్చింది. న్యాయస్థానం తన పని తాను చేసింది, అదీ జరగాల్సిందే. ఆవిడ మాత్రం తన దగ్గర ఉన్న పత్రాన్ని ఎవరి తల మీదా వేలాడదీయలేదు. "కీడువలన జయింపబడక, మేలు చేత కీడును జయించుము" అన్న వచనం మేం చిన్నప్పుడు ఆదివారపు బడిలో బహుమతి కోసం కంఠస్థం చేశాం. దాని ఖరీదు ఎంతో ఆ ఏడు తెలిసింది.

తాత కథలో చివరి ముక్క ఒకటుంది. నోటు చిరిగిన మర్నాడు కోడి కూసేసరికి తాత లేచి, అలవాటుగా కొట్టు ఊడ్చడానికి బయల్దేరాడట. వీధి మలుపు దాకా వెళ్లినవాణ్ణి అన్న వెనక్కి తీసుకొచ్చాడు. ఆ మరుసటి రోజూ అదే జరిగింది. విడుదల పొందినవాడికి విడుదలైనట్టు ఒళ్లు నమ్మడానికి టైము పడుతుంది. పోయిన పాపం పేరు చెప్పి భయపెడితే ఇప్పటికీ లేచి చీపురు పట్టుకొనేవాళ్లు మా సంఘంలో ఉన్నారు. నేనూ చాలా తెల్లవారుజాముల్లో ఆ మలుపు దాకా వెళ్లినవాణ్ణే. "మరల దాస్యమను కాడిక్రింద చిక్కుకొనకుడి" అని గలతీయులకు రాయాల్సి వచ్చింది ఇందుకే కదా.

సిలువ వేసిన మర్నాడు, ఆ మొట్టమొదటి శనివారం నాడు, యేసు సమాధి దగ్గర కావలివాళ్లను పెట్టి, "రాతికి ముద్రవేసి" భద్రం చేశారని మత్తయి రాశాడు. అదీ ఒక ముద్రే. తెల్లారేసరికి అదీ పనికిరాకుండా పోయింది.

ఈ ఏడు కూడా సున్నం వేయడం అయ్యేసరికి పొద్దుగూకింది. మా మనవరాలు పెద్దతాత పేరు దిద్దుతూ, ఆయన మరి తమ్ముణ్ణి ఎలా ఆపాడని అడిగింది. మూడో రాత్రి నుంచి గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకున్నాడమ్మా, తాత బయటికెళ్లాలంటే ఆయన్ని దాటాలి అని చెప్పాను.