ఐదుగురు పిల్లలు, రెండు మ్యూజియాలు

మేముండేది నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో. మా అమ్మాయి ఏడో గ్రూపు, అంటే మన లెక్కలో ఐదో తరగతి. క్లాసు మొత్తాన్ని ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియాలకు తీసుకెళ్తున్నాం, తోడుగా ఎవరైనా వస్తారా అని టీచరు అడిగితే సెలవు పెట్టి మరీ వెళ్లాను. నా వంతుకు ఐదుగురు పిల్లలొచ్చారు.

రైల్లో గంటా ఇరవై నిమిషాలు. పావుగంటకే అందరూ లంచ్ డబ్బాలు తెరిచారు. బ్రెడ్డు, వెన్న, దాని మీద చాక్లెట్ పలుకులు. దీన్ని భోజనం అనడం నాకింకా మింగుడు పడలేదు.

రైక్స్‌మ్యూజియం భవనం 1885లో తెరిచినది. దాని కిందుగా, సరిగ్గా మధ్యలోంచి సైకిళ్ల దారి పోతుంది. గంటలు కొట్టుకుంటూ దూసుకొచ్చే సైకిళ్ల పక్కన నిలబడి పిల్లల్ని లెక్కపెడితే నలుగురే తేలారు. ఒకటే టెన్షన్. తీరా చూస్తే ఐదోవాడు ఓ పక్కన నిలబడి వయొలిన్ వాయించేవాళ్లను చూస్తున్నాడు!

‘నైట్ వాచ్’ ముందు పిల్లల్ని నేల మీదే కూర్చోబెట్టి తలా ఒక పెన్సిల్ ఇచ్చారు. పెన్నులు తీయకూడదు. రెంబ్రాంట్ 1642లో పూర్తి చేసిన ఈ బొమ్మ వెడల్పే నాలుగున్నర మీటర్లు. 2019 నుంచి చుట్టూ గాజు గది కట్టి, జనం చూస్తుండగానే పరిశోధన, మరమ్మతు చేస్తున్నారు. పేరులో రాత్రి ఉంది గానీ అది రాత్రి కాదు, పైన పూసిన వార్నిష్ నల్లబడడం వల్ల ఆ పేరు పడింది. ఇవన్నీ పిల్లలు ఆవలిస్తూనే విన్నారు. తర్వాత మ్యూజియం ఆవిడ అసలు సంగతి చెప్పింది: 1715లో దీన్ని టౌన్‌హాల్‌కు మార్చినప్పుడు గోడకు పట్టలేదని నాలుగు వైపులా కత్తిరించేశారట. ఎడమ పక్కన ఇద్దరు మనుషులే పోయారు.

"మరి ఆ ముక్కలేవి?" అన్నాడు మా ఐదోవాడు.

"ఇంతవరకూ దొరకలేదు."

ఇక చూడండి! కదలమంటే ఒక్కరూ కదలరు. ఒక పిల్లయితే వాళ్ల తాతగారి అటక మీద వెతుకుతానంది. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత చూసిన గదుల్లో నాకు గుర్తున్నది ఒక్కటే, వెర్మీర్ గీసిన పాలు పోసే పనిమనిషి. ఆమె వెనక ఖాళీ గోడకు ఒక మేకు, దానికో చిన్న నీడ.

మధ్యాహ్నం వాన్ గోహ్ మ్యూజియం. పొద్దుతిరుగుడు పూల బొమ్మ దగ్గర జనం తలలే కనిపించాయి. ‘బంగాళదుంపలు తినేవాళ్లు’ దగ్గర మాత్రం మా అమ్మాయి నా చెయ్యి పట్టి లాగింది. "అమ్మా, ఇది మన న్యూనెన్!" న్యూనెన్ మాకు పక్క ఊరే, సైకిల్ మీద పోయొస్తుంటాం. 1885లో విన్సెంట్ వాన్ గోహ్ అక్కడే ఈ బొమ్మ వేశాడు. దీపం కింద ఐదుగురు. మొహాలది తొక్క తీయని దుంప రంగు. ఈ పళ్లెంలో పెట్టిన చేతులే ఆ నేలను తవ్వాయని చూపించాలనుకున్నట్టు తమ్ముడు తియోకు రాశాడు. కణుపులు తేలిన ఆ వేళ్లను చూస్తే దుగ్గిరాల దగ్గర పసుపు పండించిన మా తాతయ్య గుర్తొచ్చాడు. దుంపలు తవ్వే రోజుల్లో ఎంత కడిగినా ఆయన వేళ్ల గీతల్లో మట్టి మిగిలేది. ఆ చేత్తోనే నాకు ముద్దలు కలిపి పెట్టేవాడు. ఇదంతా డచ్చిలో పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

తిరుగు రైల్లో పిల్లలు నిద్రపోయాక మా అమ్మాయి వర్క్‌షీట్ చూశాను. ‘ఈ బల్ల దగ్గర నువ్వయితే ఎక్కడ కూర్చుంటావు?’ అని ప్రశ్న. ఆ దుంపల బొమ్మలో మనకు వీపు తిప్పి కూర్చున్న అమ్మాయి ఒకతి ఉంటుంది. ‘తనకు ఎదురుగా’ అని రాసింది మా పిల్ల. ‘మొహం చూడాలి.’