గంజాయి వనంలో గోంగూర

"ముప్పై గంజాయి మొక్కలు కావాలి, అసలువి మాత్రం కాదు" అన్నాడు దర్శకుడు. నేను ఆ నాటకంలో చేరింది కుర్చీలు మొయ్యడానికి. తీరా చూస్తే కుర్చీలే లేవు. ప్రేక్షకులు కూర్చోరు, పాత పశువుల కొట్టంలోంచి అడవిలోకి నటుల వెంటే నడుస్తారు. కథ 1970ల నాటి సాల్ట్ స్ప్రింగ్‌లోది, కెనడా పడమటి తీరంలో బ్రిటిష్ కొలంబియాకి చెందిన ద్వీపం: వియత్నాం యుద్ధానికి వెళ్ళబోమంటూ అమెరికా దాటి వచ్చిన కుర్రాళ్ళు, వేసవిలో అడుగంటే బావులు, చెట్ల చాటున గంజాయి మడులు.

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి నేరం కాదు. అయినా ఇంటికి నాలుగు మొక్కలే, బ్రిటిష్ కొలంబియాలో అవీ దారినపోయేవాళ్ళ కంటపడకూడదు. ప్లాస్టిక్‌వి పెడితే అడుగు దూరం నుంచి చూసేవాడికి అసలువిలా అనిపించవు.

నాకు గోంగూర తట్టింది. దాని శాస్త్రీయ నామమే హైబిస్కస్ కన్నాబినస్, గంజాయిని పోలినదని.

ఏప్రిల్‌లో స్నేహితుడి గ్రీన్‌హౌస్‌లో విత్తనాలు వేశాను. మే అంతా గుండ్రటి ఆకులే. దర్శకుడు రోజూ ఫొటో అడిగేవాడు. గోంగూర తీరే అంత, కింద గుండ్రాకులు, మొక్క ఎదిగాకే పై ఆకులు చీలతాయి. జూన్‌లో ఒక ఆకు అయిదు వేళ్ళుగా విచ్చుకుంది. ఆ ఫొటో నర్సీపట్నంలో ఉన్న అమ్మకి పంపడం నా బుద్ధితక్కువ.

"ఏట్రా ఇది! ఇక్కడ పెంచితే పదేళ్ళు లోపలేస్తారు."

"గోంగూరమ్మా!"

"మరి ఆకు గిల్లవేం?"

స్వార్ట్జ్ బే రేవు నుంచి ద్వీపంలోని ఫుల్‌ఫర్డ్ రేవుకి ఫెర్రీలో 35 నిమిషాలు. కారు వెనక సీటు నిండా కుండీలు. పక్క కారాయన చూసి బొటనవేలు ఎత్తాడు. అంత ప్రయాణం చేసి ఆ రాత్రి కుండీలు బయట వదిలేశాను. తెల్లారేసరికి పదకొండు మొక్కల్ని జింకలు మేసేశాయి. "కంచె లేకుండానా?" అని ద్వీపంవాళ్ళు నన్ను వింతగా చూశారు. మిగిలిన పంతొమ్మిదీ దారి మలుపులో సర్దాం, చాటున ఇంకా ఉన్నాయనిపించేలా.

చివరికి నాకూ వేషం పడింది. బావి నీళ్ళు తోడి పోసే రైతుని. బకెట్ ప్రేక్షకుల చేతికిచ్చి మోయించాలి, ఒక్క చుక్క ఒలికినా తిట్టాలి. ఇంతలో చెట్టు మీది స్పీకర్లోంచి పోలీసు హెలికాప్టర్ మోత, అందరూ నేలకి వంగాలి. ఒకరోజు మాలో ఎవరూ చెప్పకముందే ఒక పెద్దావిడ వంగి, తన శాలువా తీసి మొక్క మీద కప్పేసింది. ఆ చేతులకి అది అలవాటైన పనే.

మోత ఆగాక ఆకు తుంచి వాసన చూసింది, కొరికింది, మొహం చిట్లించి నవ్వింది.

"పులుపు!"

"మేం పప్పులో వేసుకుంటాం" అనేశాను, వేషం మరిచి. తర్వాత దర్శకుడితో చీవాట్లు తిన్నాను.

చివరి ఆట అయ్యాక ఆకంతా గిల్లి, ఎండుమిరప, వెల్లుల్లి వేసి నూరితే రెండు గిన్నెల పచ్చడైంది. జింకలు వదిలి ఉంటే ఇంకో గిన్నె వచ్చేది.