టెన్నేటి పార్కు రాళ్ల మీద, నీళ్లు తగ్గిన వేళ

విశాఖలో పున్నమికి సముద్రం బాగా వెనక్కి తగ్గేది మధ్యాహ్నం మూడు ప్రాంతంలో. రాళ్ల మధ్య నీళ్లు నిలిచే గుంటల్లోని జీవులను చూద్దామని మేం రెండింటికే టెన్నేటి పార్కు కింది రాళ్ల మీదికి దిగాం. ఎండ పడమటి నుంచి వస్తుంది కాబట్టి సముద్రం వైపు నడిచేవాళ్ల నీడ ముందుగా గుంటలోనే పడుతుంది. నీడ పడితే చాలు, చాలా జీవులు జాగ్రత్తపడతాయి. అందుకే పక్కకు తిరిగి, ఒంగి చూశాం.

రాతి గుంతల్లో సీ అర్చిన్లు, అంటే ఒళ్లంతా ముళ్లున్న గుండ్రని సముద్ర జీవులు, కూర్చున్నాయి. ఒక్కో ముల్లు అడుగున గుండ్రని కీలు, దాని చుట్టూ మెత్తని కణజాలం. కదిపితే ఆ కణజాలం క్షణాల్లో గట్టిపడి ముల్లును బిగించేస్తుంది. కండరంతో పట్టి ఉంచాల్సిన పని లేదు కాబట్టి అలసట దాదాపు ఉండదు. ముళ్ల మధ్య మూడు దవడల చిన్న పట్టకార్లు కూడా ఉంటాయి, కొన్ని జాతుల్లో వాటికి విషం ఉంటుంది. లింపెట్ నత్తది ఇంకో పద్ధతి. హఠాత్తుగా పక్కకు నెడితే ఊడి వచ్చేస్తుంది కానీ, ముందు ఒక్కసారి తగిలితే రాయికి అతుక్కుపోతుంది. గోటితో ప్రయత్నించవద్దు, పెంకు అంచు చిట్లుతుంది.

మాకు అన్నిటికన్నా నచ్చింది సముద్ర కుందేలు. పెంకు దాదాపు లేని మెత్తటి నత్త ఇది. ఊదారంగు సిరా, దాంతోపాటు జిగురులాంటి తెల్లని ద్రవం చిమ్ముతుంది. ఆ జిగురు రొయ్యజాతి వేటగాడి మీసాలకు అంటుకుని వాసన పట్టనివ్వదు. అందులోని అమైనో ఆమ్లాలను తిండి అనుకుని వేటగాడు వాటి వెంట పడుతుంది, ఈలోగా నత్త జారుకుంటుంది. సిరా రంగు అది తినే ఎర్ర నాచు నుంచే వస్తుంది. ఖర్చయిన సిరా వెంటనే నిండదు. ఫోటో కోసం పొడిచి సిరా కక్కించడం అందుకే మాకు ససేమిరా ఇష్టం లేదు.

రాళ్ల మీద బొత్తాల్లా గుంపుగా పరుచుకున్న జోవాంథిడ్లు అనే మెత్తటి జీవులను తాకకండి. వాటిలో పాలిథోవా జాతులు కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేయి తగిలితే కడుక్కునేదాకా కళ్లు నులుముకోవద్దు, ఉడికించినా ఆ విషం పోదు.

అర్చిన్ ముల్లు పాదంలో విరిగితే పిండకండి, ఇంకా ముక్కలవుతుంది. చర్మం కాలకుండా, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా పాదం ఉంచితే నొప్పి తగ్గుతుంది. కీలు దగ్గర గుచ్చుకుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. చెప్పులు కాదు, మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి. మూడున్నరకల్లా రాళ్ల మధ్య కాలువల్లోకి నీళ్లు రావడం మొదలైంది, తిరగేసిన రాళ్లన్నీ ఉన్నవైపే బోర్లించి పైకి వచ్చేశాం.