పిడికెడు బియ్యం, మందిరం అప్పు

మా చర్చి వార్షికోత్సవంలో ఏటా ఒకటే వాక్యం చదువుతారు, 1 సమూయేలు 7:12. సమూయేలు ఒక రాయి నిలిపి "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అని దానికి ఎబెనెజరు అని పేరు పెట్టే చోటు. చిన్నప్పుడు ఆ రాయంటే మా గుమ్మం పక్కనున్న శంకుస్థాపన రాయే అనుకునేదాన్ని. సున్నం కొట్టేవాళ్లు దాన్నీ వదలరు కాబట్టి అక్షరాలు సగం పూడిపోయాయి.

చిత్తూరులో అమెరికా మిషనరీలు నడిపిన ఆర్కాటు మిషన్ కాలం చర్చిలు చూసినవాళ్లకు మాది చర్చిలాగే అనిపించదు. ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖైన మెథడిస్టుల చిన్న సంఘం. మొదట ఒకరింటి వసారా, తర్వాత బోదకొట్టం, గాలివానకు అది లేచిపోతే రేకుల షెడ్డు, చివరికి ఈ స్లాబు. స్లాబుతోపాటు అప్పు. ఇంట్లో ఎసరు పెట్టిన ప్రతిసారీ అవ్వ ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసేది, ఆదివారం అది చర్చికి పోయేది. సన్నబియ్యం, స్టోరు బియ్యం అన్నీ ఒకే గోతంలో కలిపి వేలం వేసేవాళ్లు. ఆ బియ్యం ఎట్లా ఉడికేదో అడక్కండి, సగం మెత్తన, సగం పలుకు.

మెథడిస్టుల చరిత్రలో కూడా ఇట్లాంటి అప్పే ఒకటుంది. ఆ శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1739లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మందిరం కట్టాడు, అప్పు మిగిలింది. 1742లో అందరూ కూర్చుని, మనిషికి వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నారు. బీదలు ఎట్లా ఇస్తారని ఒకరు అడిగితే, కెప్టెన్ ఫోయ్ అనే ఆయన, బాగా బీదవాళ్లు పదకొండు మందిని నాకప్పగించండి, వాళ్లివ్వలేకపోతే నేనే వేస్తానన్నాడు. అట్లా వసూలుకని ఇల్లిల్లూ తిరిగినవాళ్లకు ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలిసొచ్చింది. పన్నెండు మందికో నాయకుడుండి వారం వారం కలుసుకునే చిన్న గుంపు, మెథడిస్టులు క్లాస్ మీటింగ్ అనేది, పుట్టింది అందులోంచే. వేరే ఏ గొప్ప ఆలోచనా కాదు, బాకీ వసూలు!

మా దగ్గరా ఒక వారం ఒకరింటి నుంచి బియ్యం రాలేదు. ఎందుకు తేలేదో కనుక్కుందామని పోయిన అవ్వ, ఆ ఇంట్లో రెండు రోజులుగా పొయ్యి వెలగలేదని చూసి, తిరిగొచ్చి చర్చి గోతంలోంచే రెండు పడులు కొలిచి ఇచ్చేసింది. ఎవర్నీ అడగలేదు. చర్చి లెక్కలు చూసేది మా తాత. "ఇప్పుడు లెక్క ఎట్లా రాసేదే?" అని గొడవ. అవ్వ జవాబివ్వకుండా చేట తీసుకుని వెళ్లిపోయిందట.

ఆ పుస్తకం మా ఇంట్లోనే ఉంది. "తరుగు 2 పడులు" అని ఉంటుంది, కారణం రాయాల్సిన గడిలో తాత అడ్డంగా ఒక గీత గీశాడు.