ముక్తినాథ్ దారిలో దసరా

మా నాన్నగారి పూజలో ఒక సాలగ్రామం ఉండేది. కోడిగుడ్డంత కూడా లేని ఆ నల్లటి రాయికి ఆయన రోజూ నీళ్ళు పోసి, తులసిదళం వేసి, ఆ తీర్థం ఇంటిల్లిపాదికీ ఇచ్చిన తరువాతే కాఫీ గ్లాసు ముట్టుకొనేవారు. ఆయన పోయిన తరువాత ఆ పని అమ్మ చేతికి వచ్చింది. రాయిని తుడుస్తూ తుడుస్తూ ఒకనాడు, "దీన్ని ఒక్కసారి పుట్టింటికి తీసుకెళ్ళాలిరా" అన్నది. సాలగ్రామానికి పుట్టిల్లు నేపాల్‌లోని కాళీ గండకి నది. శ్రీకూర్మం గుడి ముంగిట్లో ఉండగా అంత దూరం ఎందుకమ్మా అని రెండేళ్ళు దాటవేశాను గాని, అమ్మ మోకాళ్ళు నా దాటవేతల కంటే వేగంగా అరిగిపోతున్నాయని గమనించి, ఈసారి దసరా సెలవులకు బయలుదేరదీశాను. అమ్మ, నేను, నా భార్య, మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయి, మొత్తం నలుగురం.

ఆమదాలవలసలో రైలెక్కి హౌరా, అక్కడ బండి మారి రక్సౌల్, సరిహద్దు దాటి బీర్‌గంజ్, అక్కడి నుంచి బస్సులో పోఖరా చేరాము. మన దేశస్థులకు వీసా అక్కరలేదు, పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని చూపితే చాలు. మన నూరు రూపాయలకు వాళ్ళవి 160 వస్తాయి. గడియారాన్ని పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. ఈ చివరి సంగతి మా అబ్బాయిని ఎంతగా ఆకట్టుకున్నదంటే, ఆ పావుగంట ఎక్కడికి పోయిందని వాడు పోఖరా దాకా అడుగుతూనే ఉన్నాడు. హిమాలయాలు లేవకముందు ఆ చోట టెథిస్ అనే సముద్రం ఉండేదనీ, సాలగ్రామాలు అందులో బతికిన అమ్మోనైట్లు అనే జీవుల శిలాజాలనీ రైల్లో నేను వాడికి చెబుతుంటే, అమ్మ మధ్యలో అందుకొని, "దానికి ప్రాణం ఉందని మేమెప్పటి నుంచో అంటున్నాం కదా" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

పోఖరాలో ఒక జీపు మాట్లాడుకున్నాము. ముందే కుదుర్చుకోబట్టి దొరికిందన్నారు, ఎందుకంటే మన శరన్నవరాత్రుల రోజులే వాళ్ళకు దశైన్, ఆ దేశంలో అంతకు మించిన పండుగ లేదు. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళతో బస్సులు కిక్కిరిసి ఉన్నాయి, ప్రతి ఊరి చివర పొడవాటి వెదుళ్ళు నాటి ఉయ్యాలలు కట్టారు. మా డ్రైవరుకు పాతికేళ్ళుంటాయి. హిందీ బాగానే మాట్లాడేవాడు, నన్ను దాయి అని, అమ్మను ఆమా అని పిలిచేవాడు. దాయి అంటే అన్న.

బేనీ, తాతోపానీ దాటి, ఒక పక్క ధౌళగిరి, మరొక పక్క అన్నపూర్ణ నిలబడి ఉండగా ఆ రెంటి మధ్య గండకి కోసుకున్న లోయలోకి వెళ్ళేసరికి, అప్పటి దాకా ఉన్న పచ్చదనం క్రమంగా సన్నగిల్లి, మార్ఫా దగ్గర యాపిల్ తోటలు కనిపించి, ఆపైన మట్టిరంగు కొండలూ గాలీ మాత్రమే మిగిలాయి. ఆ లోయలో పొద్దెక్కిన తరువాత వీచే గాలి మామూలు గాలి కాదు. కాగ్‌బేనీలో నది ఒడ్డున నాన్నగారికి తర్పణాలు వదులుతుంటే చేతిలోని నువ్వులు నీళ్ళలో పడకుండా ఎగిరిపోయాయి. "ఏ రూపాన్నయినా తీసుకుంటారులే" అని అమ్మ సర్దిచెప్పి, కొంగుముడి విప్పి సాలగ్రామాన్ని బయటికి తీసి, గడ్డకట్టుకుపోయే ఆ నీళ్ళలో రెండు చేతులా ముంచి, చాలాసేపు అలాగే పట్టుకొని కూర్చున్నది. వేళ్ళు తిమ్మిరెక్కుతాయమ్మా అంటే వినలేదు. నాకు యాత్ర అక్కడే పూర్తయినట్టనిపించింది.

ఆ రాత్రి ముక్తినాథ్ గుడికి దిగువనున్న రాణీపౌవాలో లాడ్జిలో దిగాము. అక్కడే మా అబ్బాయి చేసిన పనికి నేను తలదించుకోవలసి వచ్చింది. ఎముకలు కొరికే చలి. పనికుర్రవాడు పండుగకు ఊరు వెళ్ళిపోయాడు, లాడ్జి యజమానురాలు ఒక్కతే వంటా గదులూ చూసుకుంటున్నది. పిల్లవాడి స్నానానికి బకెట్టు వేడినీళ్ళు కావాలంటే, ఆమె కాచిన నీళ్ళను మా డ్రైవరు మూడో అంతస్తు దాకా మోసుకొచ్చాడు. 3,700 మీటర్ల ఎత్తులో ఉత్త చేతులతో మెట్లెక్కినా ఆయాసమే. మావాడు అందులో వేలు పెట్టి, "ఇవి వేడిగా లేవు" అని, నేను చూసేలోపే తూములో ఒంపేశాడు. డ్రైవరు ఏమీ అనకుండా ఖాళీ బకెట్టుతో దిగి వెళ్ళి, మరొకటి తెచ్చాడు. నేను వాడిని గట్టిగా కోప్పడి, థాంక్స్ చెప్పించాను. వాడు చెప్పాడు, బడిలో నేర్పిన ప్రకారం, నేల చూపులు చూస్తూ. అతను నవ్వి వెళ్ళిపోయాడు. చెప్పించడం వల్ల నా పరువు కొంత నిలబడిందేమో గాని, పిల్లవాడికి ఏమీ అంటలేదని నాకు తెలుస్తూనే ఉంది.

నవమి తెల్లవారి దర్శనం. అమ్మ గుర్రం మీద ఎక్కింది. అరవయ్యెనిమిదేళ్ళ వయసులో గుర్రమెక్కిన ఘనత మా వంశంలో తనదేనని ఇప్పటికీ చెప్పుకొంటుంది. వైష్ణవుల 108 దివ్యదేశాలలో సాలగ్రామంగా చెప్పే క్షేత్రం ఇది. తిరుమంగై ఆళ్వారు పాడిన స్థలం. బౌద్ధులకు ఇదే చూమిగ్ గ్యాత్సా, లోపలి మూర్తి వాళ్ళకు అవలోకితేశ్వరుడనే బోధిసత్త్వుడు, అందుకే గర్భగుడిలో సేవ చేసే బౌద్ధ సన్యాసినులను చూసి మేము మొదట తికమకపడ్డాము. గుడి వెనుక గోడకు వరుసగా 108 ఆవుముఖాల ధారలు ఉన్నాయి. వాటి కింద తడుస్తూ పరుగెత్తి, ముందున్న రెండు కుండాలలో మునగాలి. నేను ముప్పయ్యో ధార దగ్గరే లెక్క మరిచిపోయాను. మావాడు మాత్రం కేకలు వేస్తూ మొత్తం పూర్తి చేసి, పళ్ళు టకటకలాడుతుండగా వచ్చి, "నాన్నా, నిన్నటి నీళ్ళు వేడిగానే ఉన్నాయి" అన్నాడు. నేను ఏమీ అనలేదు. పక్కనే జ్వాలామాయి గుడిలో రాతి సందున నీరు పారుతుండగా దాని చెంతనే మండుతున్న చిన్న నీలిమంటను చూసి, ఆ మధ్యాహ్నమే కిందికి దిగి తాతోపానీలో రాత్రి గడిపాము.

మరునాడు విజయదశమి. దారంతా ఖాళీ. కొట్లు మూసి ఉన్నాయి, మనుషులందరూ కొత్త బట్టలతో, నుదుట పెద్ద ఎర్రటి అక్షింతల ముద్దతో, చెవి మీద లేత పచ్చటి బార్లీ మొలకలతో కనిపిస్తున్నారు. దశమినాడు పెద్దలు పెరుగూ బియ్యమూ ఎర్రపొడీ కలిపి పిన్నల నుదుట పెట్టి దీవిస్తారు, అది టీకా. ఆ మొలకలు జమరా, మన నవధాన్యాల మొలకల వంటివే. టీకాకు ముహూర్తం కూడా ఉంటుంది. బేనీ చేరేసరికి ఆ వేళ అయిందని చెప్పి, డ్రైవరు జీపును ఒక పక్కకు ఆపి, దూరంగా వెళ్ళి ఫోను తీశాడు. ఫోనులో ఒక ముసలావిడ కనబడింది. ఆమె కన్నీళ్ళు తుడుచుకొంటూ, టీకా ముద్దను అక్కడి తెర మీదికి తెచ్చింది. ఇతను ఇక్కడ తల వంచాడు.

మా అబ్బాయి జీపు కిటికీలో నుంచి అదంతా చూశాడు. "ఆయన ఇంటికెళ్ళలేదేం?" అని అడిగాడు. మనల్ని తీసుకొచ్చాడు కదా, అన్నాను. వాడు కాసేపు ఊరుకొని, "మనం రాకపోతే వెళ్ళేవాడా?" అన్నాడు. వెళ్ళేవాడన్నాను.

అమ్మకు హిందీ రాదు. అయినా అంతా అర్థమైంది. పూజ సంచిలో నుంచి బియ్యమూ కుంకుమా తీసి, తెరిచి ఉన్న ఒక్క హోటల్లో నన్ను పెరుగు తెమ్మని, అరచేతిలోనే కలిపి, అతన్ని పిలిచి నుదుట పెట్టింది. చేతిలో నూటపదహార్లు ఉంచి, "నీ కడుపు సల్లగుండ నాయనా, ఏ తల్లి కన్న బిడ్డవో" అన్నది. అతను వంగి ఆమె పాదాలు తాకి చాలాసేపు లేవలేదు. ఎవరూ ఎవరికీ ధన్యవాదాలు చెప్పుకోలేదు.

మిగిలిన దారిలో అమ్మ మనవడికి తిత్లీ గాలివాన కథ చెప్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి వీడు ఒళ్ళో పిల్లవాడు, అందరం కవిటి దగ్గర మా ఊళ్ళోనే ఉన్నాము. ఉద్దానంలో కొబ్బరిచెట్లు నిలువునా పడిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, మోటార్లు ఆడక తాగేందుకు నీళ్ళు లేవు. అవి కూడా నవరాత్రులే. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో లైన్‌మన్లు వచ్చి, మా ఊరి బళ్ళో పడుకొని, పండుగ రోజున కూడా స్తంభాలు పాతారు. దసరానాడు వాళ్ళలో నలుగురికి అమ్మ వండిపెట్టింది. దీపం వెలిగిన రాత్రి ఊరంతా ఈలలు వేసింది. నేనూ వేశాను.

కృతజ్ఞత అన్న మాటకు చేసినదాన్ని ఎరిగి ఉండటమని అర్థం. ఆ సంగతి పిల్లలకు ఎన్నోసార్లు పాఠంగా చెప్పినవాడినే నేను. పోఖరా బస్సు స్టాండులో డ్రైవరు మా సామాను దించుతుంటే మావాడు వెళ్ళి, బరువుకు ఒరిగిపోతూనే ఒక సంచి అందుకొని, అతని ఊరు ఎంత దూరమో, ఈ రాత్రికి చేరతాడో లేదో అడిగి తెలుసుకొని వచ్చాడు. ఆరు గంటల ప్రయాణమట. బస్సు కదిలిన తరువాత కూడా మధ్యమధ్య టైము అడిగి, "ఇంకా చేరలేదు", "ఇప్పుడు సగం దూరం వెళ్ళుంటాడు" అని తనలో తాను అనుకున్నాడు. నేపాలు టైమా, మన టైమా అని నేను అడగబోయి మానుకున్నాను.

హౌరా నుంచి వచ్చే రైల్లో, బరంపురం దాటాక, వాడు పై బెర్తు మీద నుంచి తల వేలాడదీసి, "మామ్మా, మన ఊరికి కరెంటు పెట్టినవాళ్ళ పేర్లేంటి?" అని అడిగాడు. అమ్మ నా వంక చూసింది. నేను అమ్మ వంక చూశాను. వాళ్ళది ఏ ఊరో, ఇంట్లో ఎవరెవరు ఉన్నారో మేము అడగలేదు. చాలాసేపు ఆలోచించి, వాళ్ళలో పొడుగ్గా ఉండే ఒకతను గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నాడని మాత్రం అమ్మ చెప్పింది.