అమ్మతో వియత్నాం, చేపసాస్ లేకుండా తొమ్మిది రోజులు

అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఆవిడ్ని వియత్నాం తీసుకెళ్తున్నానంటే చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, అక్కడ ఏం పెడతావురా అని.

ముందు వీసా సంగతి. ఈ-వీసా సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. అమ్మ అప్లికేషన్‌లో పుట్టినతేదీ రోజూ నెలా తారుమారుగా కొట్టేశాను, మళ్లీ మొదట్నుంచి పెట్టాల్సొచ్చింది, కట్టిన డబ్బు వెనక్కి రాదు. పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం చూసుకోండి.

హనోయ్‌లో మొదటి రాత్రి తూటికూర వేపుడు చెప్పాం. వెల్లుల్లి దండిగా వేసి పచ్చగా నిగనిగలాడుతూ వచ్చింది, అమ్మ చూడగానే గుర్తుపట్టి మన చెరువు గట్టు కూరే కదరా అని సంబరపడింది, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆపేసింది. "నీచు వాసనరా." నువక్ మామ్, అంటే చేపసాస్, మనం ఉప్పు వేసినట్టు అన్నిట్లో వేస్తారు. మాంసం వద్దంటే సరిపోదన్నమాట. ఆ రాత్రి ఆవిడ అరటిపళ్లు తిని పడుకుంటే నాకు చాలా బాధేసింది.

పొద్దున హోటల్లో అమ్మాయి ఒక కాగితం మీద రెండు మాటలు రాసిచ్చింది, "అన్ చై". శాకాహారం అని అర్థం. అక్కడ్నుంచి దారి దొరికింది! బోర్డు మీద "చై" ఉంటే చాలు, చేపసాస్ బదులు సోయాసాస్ వేస్తారు. హుయే వెళ్లేసరికి పౌర్ణమి, ఆ ఊళ్లో చాలామంది బౌద్ధులు చాంద్రమాసం మొదటి రోజూ పదిహేనో రోజూ మాంసం మానేస్తారట, ఎక్కడ చూసినా చై భోజనమే. అమ్మకి ఆ లెక్క నేను చెప్పక్కర్లేకపోయింది, తిథి కదా! ఇక సోయ్ అని ఒకటుంది, జిగురు బియ్యం పెసరపప్పు కలిపి ఆవిరి మీద ఉడికిస్తారు, అచ్చం మన పులగమే, రోజూ పొద్దున అదే కట్టించుకునేవాళ్లం.

హుయే నుంచి దనాంగ్‌కి మాత్రం రైల్లోనే వెళ్లండి, ఎడమవైపు సీటు తీసుకోండి. రైలు హై వాన్ కొండ అంచునే మెలికలు తిరుగుతూ పోతుంది, కింద నీలంగా సముద్రం, పైన మబ్బు కొండని పట్టుకుని వేలాడుతుంటుంది, హై వాన్ అంటేనే సముద్రం, మబ్బు అట. అమ్మ ఫోన్ తియ్యలేదు, కిటికీకి చెయ్యి ఆనించి అలా చూస్తూనే ఉంది.

చివరికి దనాంగ్ దగ్గరున్న మీ సన్ అనే గుళ్ల చోటు. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చామ్ రాజులు కట్టిన ఇటుక శివాలయాలు, 1969లో అమెరికా బాంబులకి చాలా పోయాయి. మన పురావస్తు శాఖ వాళ్లు బాగుచేస్తుంటే 2020లో ఏకశిల శివలింగం బయటపడింది. అమ్మ దణ్ణం పెట్టుకుని, "ఇక్కడ స్వామికి నైవేద్యం ఏం పెట్టేవాళ్లో" అంది. కాసేపటికి చెట్టు నీడన కూర్చుని సోయ్ పొట్లం విప్పి సగం నా చేతిలో పెట్టింది.